నెపోమ్నియాషీ అంటే "నెపం మీద ఆశ" అట: మూడేళ్ల వాయిస్ టైపింగ్ అనుభవం

చెస్ పోటీలు చూస్తూ నోట్సు రాసుకోవడం నాకు అలవాటు. ఎత్తులు వేసి చూసుకుంటూ చేతులు బోర్డు మీదే ఉంటాయి కాబట్టి మూడేళ్లుగా ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగే దిక్కు. మామూలు మాటలు చక్కగా రాస్తుంది. "నల్ల గుర్రం మధ్యలోకి వచ్చింది" అంటే అక్షరం పొల్లుపోదు. చిక్కంతా పేర్లతోనే.

నార్వే ఆటగాడు కార్ల్‌సన్ పేరుతో ఎప్పుడూ ఇబ్బంది లేదు, ఎంత వంకరగా పలికినా రాసేస్తుంది. రష్యా ఆటగాడు నెపోమ్నియాషీతోనే నా ప్రాణం విసిగింది. 2023లో ఆస్తానాలో ఆయన చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో ప్రపంచ టైటిల్ కోసం ఆడుతున్నప్పుడు రోజుకి పదిసార్లైనా ఆ పేరు చెప్పాల్సి వచ్చేది. ఒకసారి "నేపాల్ మనిషి" అని పడింది. ఇంకోసారి "నెపం మీద ఆశ". అది చెరపడానికి మనసొప్పలేదు, ఇప్పటికీ నోట్సులో అలాగే ఉంది. ఫ్రెంచి ఆటగాడు వాషియే లగ్రావ్ "వాషింగ్ లాగరా" అయ్యాడు. అంతెందుకు, మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి కూడా "అర్జున్ తిరిగేసి" అయ్యాడు! బాగా ఎరగని పేరైతే చాలు, దానికి మనవాళ్లూ విదేశీయులే.

తప్పు నా నోటిదేమోనని రష్యన్ వ్యాఖ్యానాలు విని మరీ సాధన చేశాను. ఇంకా ఘోరం. సంగతేమిటంటే, ఇది శబ్దం ఒక్కటే చూడదు. పక్క మాటల్ని బట్టి ఏది వచ్చే అవకాశం ఎక్కువో కూడా లెక్కేస్తుంది. నేర్చుకున్న డేటాలో అరుదుగా కనిపించిన పేరు మీద, దగ్గరగా వినిపించే రోజువారీ మాటే నెగ్గుతుంది. ముందు "గ్రాండ్‌మాస్టర్" అని, ఆగకుండా పేరు చెబితే కొంత నయం.

ఇంగ్లీషుకి మారిస్తే ఇంకో తమాషా. నెపోమ్నియాషీ పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి ఐ ముందు సి, హెచ్, టి, సి, హెచ్ ఉంటాయి. రష్యన్‌లో ఆ అయిదూ కలిపి ఒక్క అక్షరమే, పలికేది 'ష' లాగానే. కానీ నేను "నెపోమ్నియాచ్చీ" అని తప్పుగా అంటేనే నా ఫోన్ ఒప్పుగా రాసింది.

చివరికి ఆటగాళ్ల పేర్లన్నీ కాంటాక్టుల్లో ఎక్కించాను. ఇంగ్లీషులో చాలావరకు కుదిరింది, తెలుగులో తేడా ఏమీ లేదు. తెలుగుకి అయిదులో మూడు మార్కులిస్తాను. ఇంట్లో మాత్రం మా ఆవిడ, నంబరు లేని ఆ డింగ్ ఎవరో చెప్పమని ఇంకా అడుగుతూనే ఉంది.