గుంటూరు పెరట్లో వేపనూనె: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

మొక్కలకు పురుగు పట్టిందని అడిగినవాళ్లకు నేను ముందుగా చెప్పేది వేపనూనె పేరే. అయితే ఒక షరతు కూడా చెబుతాను. పురుగు కనిపించాక ఒక్కసారి కొట్టి, మర్నాడు చచ్చిందా అని చూసేటట్టయితే దీన్ని కొనవద్దు. పురుగు ఉన్నా లేకపోయినా వారం పది రోజులకోసారి కొట్టే ఓపిక ఉంటేనే కొనండి. గుంటూరులో మా పెరటికీ, మేడ మీది కుండీలకూ చాలా ఏళ్లుగా ఇదే వాడుతున్నాను. వంగ, బెండ, మిరప, బీరపాదు, మందార, కొబ్బరి, ఇలా అన్నింటి మీదా దీని బలం ఎంతో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూశాను.

కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే ముందు సీసా మీద పీపీఎం అంకె చూడాలి. 300, 1500, 10,000 అని రకాలుంటాయి. అందులో అజాడిరక్టిన్ ఎంత ఉందో చెప్పే అంకె అది. పురుగు ఆకు ముట్టకుండా చేసేదీ, పిల్ల పురుగు కుబుసం విడిచి ఎదగకుండా ఆపేదీ ఆ పదార్థమే. ఇంటి మొక్కలకు 1500 పీపీఎం సరిపోతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలుపుతాను. 10,000 రకాన్ని ఇదే కొలతతో కలపకూడదు, దాని సీసా మీద రాసిన మోతాదు వేరుగా ఉంటుంది. దీపాలకని, వంటికి రాసుకోవడానికని విడిగా అమ్మే నూనె మీద అసలు అంకే ఉండదు కాబట్టి మొక్కలకు దాన్ని నేను నమ్మను.

కలపడంలోనే సగం ఫలితం ఉంది. నూనె నేరుగా నీళ్లలో కలవదు. ముందు కొద్దిగా కుంకుడు రసంలో గానీ సబ్బు నీళ్లలో గానీ నూనె వేసి బాగా గిలకొట్టి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. నీళ్లు పాలలా తెల్లగా మారితే కలిసినట్టు. పైన మెరిసే చుక్కలు తేలుతుంటే కలవలేదని అర్థం, అలాగే కొడితే ఆ చుక్కలు పడ్డచోటల్లా ఆకు మాడుతుంది. కలిపింది ఆ పూటే వాడెయ్యాలి, మిగిల్చి మర్నాటికి ఉంచితే బలం తగ్గిపోతుంది. డిసెంబరు చలికి నూనె సీసాలోనే గడ్డకట్టినట్టు అవుతుంది. సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మామూలుగా అయిపోతుంది.

ఎండ తగిలితే అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే సాయంత్రం పూటే కొట్టాలి. మన గుంటూరు ఎండల్లో సాయంత్రమే కొట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. నూనె పూసిన ఆకు మీద మే నెల ఎండ పడితే ఆ ఆకు ఇక బతకదు. రోహిణి కార్తెలో నేను వేపనూనె జోలికే పోను. ఆ రోజుల్లో పైపుతో ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టడమే నా వైద్యం, దానికే పేనుబంక చాలావరకు రాలిపోతుంది.

ఆకుల అడుగున అని ఊరికే అనడం లేదు. బెండ ఆకు ఒకటి మెల్లగా తిప్పి చూడండి. ఈనెల పక్కన లేత ఆకుపచ్చ రంగులో నువ్వుగింజ కంటే చిన్న పిల్ల పురుగులు ఉంటాయి. వెలుతురు పడగానే ముందుకు కాదు, పక్కకు అడ్డంగా పరుగెడతాయి. అవే పచ్చదోమ పిల్లలు. అవి రసం పీల్చేకొద్దీ ఆకు అంచులు పసుపుబారి, పైకి ముడుచుకుని, చివరికి కాలినట్టు ఎర్రబడతాయి. వేపనూనె గొప్పగా పనిచేసేది సరిగ్గా ఇక్కడే. పచ్చదోమ, పేనుబంక, తెల్లదోమ పిల్ల దశలో ఉండగా క్రమం తప్పకుండా కొడితే తరవాతి తరం లేవదు. ఆకు పైభాగం తడిపి ఊరుకుంటే మాత్రం నూనె డబ్బులు దండగ.

ఇక ఇది పనికిరాని చోట్లు. వంకాయలో తొలుచు పురుగు ఒకసారి లోపలికి పోయిందంటే ఏ నూనే దాన్ని అందుకోలేదు. వాలిపోయిన కొమ్మ చివరను పురుగుతో సహా తుంచి నాశనం చేయడం, పుచ్చు కాయలను పెరట్లో పడేయకుండా ఉండటం, ఈ రెండే నాకు దారి చూపాయి. మందారకు పట్టే పిండినల్లి మైనం పూత కప్పుకుని ఉంటుంది, కాబట్టి ముందు పాత బ్రష్షుతో రుద్ది కడగాలి. చీమలను కూడా ఆపాలి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి. బీర, కాకరకు వచ్చే పండు ఈగకు క్యూ లూర్ అనే వాసన మందు ఉన్న ఎర బుట్ట పెట్టాలి. అందులో పడేవి మగ ఈగలే కాబట్టి పిందెలకు కాగితం సంచి కూడా కడతాను.

మిరప సంగతి వేరే చెప్పాలి, ఇది మిరప జిల్లా కదా. 2021లో నల్ల తామర పురుగు ఇక్కడి చేలను ఎంత దెబ్బతీసిందో రైతు కుటుంబాలకు చెప్పక్కర్లేదు. అది కుండీల్లోకి కూడా వచ్చింది. మిరప పువ్వును తెల్ల కాగితం మీద తడితే దారపు ముక్కల్లాంటి నల్లటి సన్నని పురుగులు రాలి పాకుతాయి. పువ్వు లోపల దాక్కునే వీటి మీద వేపనూనె ప్రభావం తక్కువే. నీలిరంగు జిగురు అట్టలు, రాలిన పూలను ఏరివేయడం కాస్త మేలు చేశాయి. తెల్లదోమకైతే పసుపు అట్టలు.

కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో మొదట తమిళనాడులో కనిపించి, తర్వాత మన రాష్ట్రానికీ పాకింది. చెట్టు కింది మొక్కలన్నీ మసి పూసినట్టు నల్లబడతాయి. భయపడి ఘాటైన మందులు కొట్టించకండి. ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగే ఆ మందులకు ముందుగా చస్తుంది. పెరట్లో పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనబడినా అంతే, అవి ఉన్న కొమ్మను నేను వేపనూనెతో కూడా తడపను.

జూన్, జూలైలలో వేపపండ్లు రాలే ఊళ్లో ఉంటూ నూనె ఒక్కటే కొనడం నాకు బాధగా ఉంటుంది. గింజలు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. లోపలి పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపితే అయిదు శాతం కషాయం తయారవుతుంది. ఆకు తినే గొంగళి పురుగుల మీద కొన్న నూనె కంటే ఇదే నాకు బాగా పనిచేసింది. బూజు పట్టిన గింజ మాత్రం వాడవద్దు.

వాసన ఒకటి రెండు రోజులు ఉంటుంది. కొట్టిన తర్వాత కోసిన గోంగూరను బాగా కడిగినా చేదు తగలవచ్చు, అందుకే ఆకుకూరలను కోసిన సాయంత్రమే కొడతాను, మళ్లీ కోతకు వచ్చేసరికి ఏమీ మిగలదు. సీసాను మాత్రం పసిపిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. వేపదే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ, ఈ నూనె కడుపులోకి పోతే చిన్నపిల్లలకు ప్రాణాపాయం.