తపాలా శాఖ రాఖీ కవరు: తడవకుండా తమ్ముడికి చేరింది

మా తమ్ముడిని మూడో ఏట పిన్నికి దత్తత ఇచ్చారు. ఇప్పుడు వాడు ఖరగ్‌పూర్‌లో, నేను రాజమండ్రిలో. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం వాడికి పుట్టింటి బంధాలు తెగినట్టే. పెళ్లి చేసుకోకూడని వరసలు మాత్రం అలాగే ఉంటాయి. అంటే మేము తోడబుట్టినవాళ్లమని చట్టం కూడా మరిచిపోలేదు. నాకు ఆ ఒక్క మాట కొండంత అండ.

నిరుడు ఒక కొరియర్‌లో పంపిన రాఖీ వానకు తడిసి, ఎర్ర రంగు ఉత్తరంలోని అక్షరాల మీదికి దిగి, పౌర్ణమి దాటిన నాలుగో రోజుకు చేరింది. ఆ రాత్రి ఏడ్చాను. ఈసారి పోస్టాఫీసులో నీరు దిగని రాఖీ కవరు కొన్నాను, పది రూపాయలు. చెంబుడు నీళ్లు పోసి మరీ పరీక్షించాను. లోపల కాగితం పొడిగానే ఉంది. స్పీడ్ పోస్టులో ఐదో రోజుకు అందింది.

కవరు కాస్త ఇరుకు. అక్షింతల పొట్లం పట్టింది, పూతరేకులు పట్టలేదు.

పంపినవారి పేరు పక్కన ‘అక్క’ అని రాశాను. పిన్ని ఫోను చేసి, "కవరు నన్ను ముట్టుకోనివ్వలేదమ్మా, తానే విప్పుకున్నాడు" అంది.