పాత జెర్సీలు, టికెట్లు, టీమ్ ఫోటోలు ఫ్రేము కట్టించేవాళ్లు జాగ్రత్త: మా నాన్న ఫోటోకి జరిగింది చదవండి

ఇంట్లో పాత జెర్సీయో, ఎవరైనా ఆటగాడు సంతకం పెట్టిన బ్యాటో, మ్యాచ్ టికెట్టో ఉంది, దాన్ని మంచి ఫ్రేములో పెట్టించి గోడకి తగిలించాలి అని మీరు అనుకుంటుంటే, షాపుకి వెళ్లేముందు దయచేసి ఇది చదవండి. నేను పద్నాలుగున్నర వేలు పోశాను. ఆ డబ్బు గురించి నాకు పెద్ద బాధ లేదు. పోయిన వస్తువులు మాత్రం ఎంత పెట్టినా మళ్లీ రావు.

మా నాన్న డెబ్బైల్లో హైదరాబాద్‌లో లీగ్ క్రికెట్ ఆడారు. పేపర్లో పేరు పడేంత ఆటగాడు కాదు. ఆదివారం పొద్దున్నే సైకిల్ వెనక కిట్టు కట్టుకుని గ్రౌండుకి వెళ్లేవారు, అంతే. ఆయన పోయాక బీరువా అడుగున మూడు వస్తువులు దొరికాయి. ఒకటి ఆయన టోపీ. రెండోది ఫతే మైదాన్‌లో, అంటే ఎల్బీ స్టేడియంలో తీయించుకున్న టీమ్ ఫోటో, బ్లాక్ అండ్ వైట్. దాని కింద తెల్లటి అంచు మీద పదకొండు మంది పేర్లూ నాన్న ఫౌంటెన్ పెన్నుతో వరసగా రాసుకున్నారు. మూడోది 1987 ప్రపంచకప్ టికెట్టు. ఆ అక్టోబరు 10న అదే ఎల్బీ స్టేడియంలో న్యూజిలాండ్ 242 చేస్తే, జింబాబ్వే 239 దాకా వచ్చి మూడు పరుగుల తేడాతో ఓడిపోయింది. డేవ్ హౌటన్ ఒక్కడే 142 కొట్టాడు. అతను ఔటై వెళ్తుంటే నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టడం నాకు ఇప్పటికీ గుర్తుంది. మన జట్టు కూడా కాదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

నాన్న సంవత్సరీకం లోపల ఈ మూడింటినీ ఒకే ఫ్రేములో పెట్టించి అమ్మకి ఇవ్వాలనుకున్నాను. సిటీలో ఒక షాపు పట్టుకున్నాను. పేరు రాయను. లోపల గోడల నిండా జెర్సీలు, బ్యాట్లు, గ్లవ్స్ అందంగా ఫ్రేముల్లో వేలాడుతుంటే నమ్మకం కలిగింది. "యూవీ గ్లాసు, యాసిడ్ ఫ్రీ బోర్డు, అంతా మ్యూజియం క్వాలిటీ సార్. ఫికర్ చెయ్యకండి, యాభై ఏళ్లయినా ఇట్లనే ఉంటది" అన్నాడు ఓనరు. తొమ్మిది వేలు అడ్వాన్సు కట్టించుకున్నాడు. బిల్లు మీద మాత్రం "3డి ఫ్రేము - 1" అని ఒక్క లైను. నేను చేసిన మొదటి తప్పు అక్కడే. ఆయన నోటితో చెప్పిన ఒక్క మాటా బిల్లు మీదికి రాలేదు.

మూడు వారాలన్నది ఏడు వారాలైంది. సంవత్సరీకం అయిపోయింది. ఫ్రేము ఇంటికొచ్చిన రోజు నల్ల బీడింగ్, లోపల ముదురు ఆకుపచ్చ మౌంటు (ఫోటో చుట్టూ ఉండే అట్ట అంచు) చూసి నేను సంబరపడ్డాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూసి, "పేర్లేవిరా?" అంది.

పేర్లు లేవు. ఫోటో కింది అంచు మొత్తం కోసేశారు. వెంటనే ఫోన్ చేస్తే, "మౌంటులో సెట్ కావడానికి ట్రిమ్ చేశాం సార్, తెల్ల పేపరే కదా" అన్నారు. కోసిన ముక్క కావాలన్నాను. ఏ రోజు చెత్త ఆ రోజే ఊడ్చేస్తారట. నాన్న చేతిరాతలో ఉన్న ఆ పదకొండు పేర్లలో నాకు గుర్తున్నవి నాలుగే. అమ్మకి ఇంకో రెండు గుర్తున్నాయి.

అంత జరిగినా, మిగతాది బాగానే ఉంది కదా అని హాల్లో తగిలించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి ఫోటో మధ్యలో తడి మరకలాంటిది తేలింది, టోపీ ముందు భాగం పసుపు రంగుకి తిరిగింది, మౌంటు కోసిన అంచు వెంట ఫోటో మీద గోధుమరంగు గీత వచ్చింది. ఈసారి వేరే షాపులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, మా ఎదురుగానే విప్పించాం.

లోపల చూసినవి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. టికెట్టుని ప్లాస్టిక్ లామినేషన్ చేసేశారు. ఫోటోని హీట్ ప్రెస్‌లో పెట్టి ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే బోర్డు) ముక్క మీద అతికించారు. అది ముందుకి కనబడాలని వెనక థర్మోకోల్ ముక్కలు పెట్టి గ్లాసుకి ఆనేదాకా లేపారు. టోపీని గ్లూ గన్‌తో అంటించి, ఆకారం నిలవడానికి లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కారు. వెనక అట్ట మామూలు అట్ట. గ్లాసు కిటికీలకి వేసే గ్లాసే. పెద్దాయన టోపీని ఒక్కసారి లాగి చూసి ఆపేశారు. "ఇంకొంచెం లాగితే గుడ్డ చినుగుతది సార్, నేను ముట్టను" అన్నారు. ఆయన నిజాయితీకి దండం పెట్టాను.

ఆ తర్వాత ఈ పని తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది: ఇలాంటి వస్తువుకి చేసే ఏ పనైనా రేపు వెనక్కి తీసేలా ఉండాలి. అందుకే షాపులో మీరు మొదట అడగాల్సింది ధర కాదు. "పదేళ్ల తర్వాత దీన్ని విప్పితే నా వస్తువు ఇప్పుడున్నట్టే బయటికి వస్తుందా?" అని అడగండి. వేడి చేసి అతికించింది, లామినేషన్ చేసింది, ఫెవికాల్ పూసింది, స్ప్రే గమ్ కొట్టింది, డబుల్ టేపు వేసింది అలా బయటికి రాదు. ఫోటోని, టికెట్టుని మూలల దగ్గర పారదర్శకమైన పాలిస్టర్ జేబుల్లో నిలబెట్టొచ్చు. లేదా పల్చటి జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ గంజితో పైఅంచు మాత్రమే పట్టించొచ్చు. ఆ గంజి కొంచెం తడి తగిలితే ఊడివస్తుంది. జెర్సీని, టోపీని దారంతో గుడ్డ చుట్టిన బోర్డుకి కుట్టాలి. జెర్సీకి స్టేప్లర్ పిన్నులు కొట్టినా ఒప్పుకోవద్దు, తుప్పు మరక గుడ్డలోకి దిగుతుంది. సంతకం ఉన్న జెర్సీని "డ్రై క్లీన్ చేసి పెడతాం" అంటే అసలే వద్దనండి.

గ్లాసు వస్తువుని తాకకూడదు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో పైన ఉండేది జెలటిన్ పొర. తేమకి అది మెత్తబడి ఉబ్బుతుంది, ఆనుకుని గ్లాసు ఉంటే అంటుకుపోతుంది. మా ఫోటోకి జరిగింది అదే. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా స్పేసర్ వేయించండి. గోధుమరంగు గీత సంగతి వేరు. మామూలు మౌంటు బోర్డు, ఎండీఎఫ్, న్యూస్‌పేపరు, ఇవన్నీ కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతాయి. ఆనుకున్న కాగితాన్ని, గుడ్డని ఆ ఆమ్లం పసుపు రంగుకి తిప్పుతుంది. ఆ ఆమ్లం వెనక అట్ట నుంచి కూడా వస్తుంది కాబట్టి ముందు మౌంటు ఒక్కటే యాసిడ్ ఫ్రీ అయితే చాలదు, వెనక అట్ట కూడా అదే కావాలి. దీన్ని చూడడానికి పీహెచ్ పెన్ను దొరుకుతుంది. బోర్డు ముక్క మీద గీస్తే ఊదా రంగు పడాలి. పసుపుకి తిరిగితే ఆ బోర్డు వద్దు.

యూవీ గ్లాసు, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలని ఆపే గ్లాసు అన్నారంటే మాట మీద వదిలేయకండి. 365 నానోమీటర్ల యూవీ టార్చి ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. 500 నోటు మీద వేస్తే నంబర్లు, సన్నటి పోగులు మెరుస్తాయి. మామూలు గ్లాసు అడ్డం పెట్టి వేసినా మెరుపు ఇంచుమించు అలాగే ఉంటుంది. అసలైన యూవీ గ్లాసో, యూవీ అక్రిలిక్ షీటో అడ్డం పెడితే బాగా తగ్గిపోతుంది. నేను విప్పించాక ఈ పరీక్ష చేశాను, మా గ్లాసు మెరుపుని ఏమాత్రం ఆపలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మంచి యూవీ గ్లాసు ఉన్నా మామూలు వెలుతురు కూడా రంగు తీస్తుంది. కాగితం, గుడ్డ లాంటి వాటికి మ్యూజియంలలో 50 లక్స్ దగ్గరే వెలుతురు ఆపుతారు, అంటే బాగా మసక. స్కెచ్ పెన్ను, బాల్ పెన్ను సంతకాలు ఇంకా త్వరగా వెలిసిపోతాయి. మన ఊళ్లో పడమటి గోడ మే నెలలో పొయ్యిలా కాలుతుంది, బయటి గోడలు వానాకాలంలో చెమ్మపడతాయి. తగిలిస్తే ఇంటి లోపలి గోడకి, ఎండ పడని చోట తగిలించండి.

వస్తువు ఇచ్చేముందు ముందూ వెనకా, నాలుగు అంచులూ కనబడేలా ఫోటోలు తీసుకోండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే పేర్లైనా మిగిలేవి. బిల్లు మీద బోర్డు, గ్లాసు రకం, ఎలా నిలబెడతారు అన్నవి, "కోయకూడదు, అంటించకూడదు" అన్న మాట రాయించండి. రాయడానికి వెనకాడితే వస్తువు తీసుకుని వచ్చేయండి.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చివరికి షాపువాళ్లు ఆరువేలు వెనక్కిచ్చారు. బిల్లులో ఏమీ లేకపోవడంతో అంతకన్నా గట్టిగా నిలబడలేకపోయాను. మీకు ఇలా జరిగితే ఆలస్యం చేయకండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్లే గడువు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు.

ఇప్పుడు టికెట్టు ప్లాస్టిక్ లోపలే ఉంది, ఎవరూ విప్పే ధైర్యం చేయడం లేదు. ఫోటోని గ్లాసు నుంచి పీకొద్దని కాగితం కన్జర్వేషన్ తెలిసినాయన చెప్పడంతో అలాగే గ్లాసుతో సహా మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. డెబ్బైల్లో ఇక్కడ లీగ్ ఆడినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఒక్కసారి పాత ఆల్బమ్‌లు తీసి చూడండి. ఫతే మైదాన్‌లో రెండు వరసల్లో పదకొండు మంది, ముందు వరసలో ఎడమ చివర బ్యాటు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్న సన్నటి కుర్రాడు ఉంటే, ఆయన మా నాన్న. మిగతా అయిదుగురి పేర్లు నాకు కావాలి.