రుద్రమను తెలుసుకోవాలంటే నవలా, శాసనమా?

కాకతీయుల పేర్లు నేను బళ్ళో పరీక్ష కోసం బట్టీ పట్టినవే. రుద్రమ మనసులోకి దిగింది మాత్రం అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ చదివాక. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో కాలక్షేపానికని గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న అట్ట ఊడిన ప్రతి అది. ముగించేసరికి ఓరుగల్లు కోట, సామంతుల కుట్రలు, మగపిల్లాడిలా పెరిగిన ఆడపిల్ల కళ్ళకు కట్టాయి.

మరి అదంతా చరిత్రేనా? కాదు. నవలలో గన్నారెడ్డి గజదొంగ. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనంలో కనిపించే గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు. ఆ కోట కట్టించింది అతని కింద పనిచేసిన విఠలనాథుడు. ఎక్కడిదాకా నిజమో, ఎక్కడ కల్పన మొదలైందో నవల చెప్పదు. నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

శాసనం బలం వేరు. రుద్రమ 1295 దాకా ఏలిందని ఒకప్పుడు చరిత్రకారులు రాసేవారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి రాయి ఆమె అప్పటికే చనిపోయిందని తేల్చింది. ఒక్క రాయితో లెక్క ఆరేళ్ళు వెనక్కి జరిగింది. ఎంత గొప్ప నవలైనా ఈ పని చేయలేదు.

పైగా శాసనాలన్నీ పొడిగా ఉంటాయనుకోవడం పొరపాటు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల మీద దయతో తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని మాటిచ్చాడు. ఆ వెంటే చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, వేటికెంత సుంకమో వరస. చదువుతుంటే రేవులో నిలబడ్డట్టే ఉంటుంది.

కానీ చాలా శాసనాలు రుద్రమను ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతో పిలిచి ఊరుకుంటాయి. ఆ పేరు మోస్తూ బతకడం ఆమెకెలా ఉండేదో రాయి చెప్పదు. బాపిరాజు చెప్పింది ఊహే అయినా, అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

అందుకే తేదీలకూ పన్నులకూ నేను శాసనాన్నే నమ్ముతాను. కొత్తగా చదివేవాళ్ళ చేతిలో మాత్రం ముందు నవలే పెడతాను. మొన్న మా అక్క కొడుక్కిచ్చాను. సగంలో వచ్చి, “మామయ్యా, గన్నారెడ్డి నిజంగానే దొంగా?” అన్నాడు. అప్పుడు రాయచూరు సంగతి చెప్పాను. నవల ఇవ్వకముందే చెప్పి ఉంటే వినేవాడు కాదు.