మిలాన్‌లో డబ్బుకు తగిన భోజనం ఎక్కడ దొరుకుతుంది?

మిలాన్‌లో చాలా ఏళ్లుగా ఉంటూ, వీలు చిక్కినప్పుడల్లా ఇక్కడి పెద్ద రెస్టారెంట్లలో తిన్నాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ నగరంలో వంట గొప్పదనానికీ, రెస్టారెంటు ఉన్న వీధి హంగుకూ పొంతన లేదు. అందుకే ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పే పేరు ఊరి నడిబొడ్డున లేని ‘ఇల్ లువోగో దీ ఐమో ఎ నాదియా’.

టస్కనీ నుంచి వచ్చిన ఐమో, నాదియా మొరోనీ దంపతులు 1962లో దీన్ని ప్రారంభించారు. ఎర్ర లైను మెట్రోలో ప్రిమాతిచ్చో స్టేషను దాకా వెళ్లి, అపార్టుమెంట్ల మధ్య కాస్త దూరం నడిస్తే వస్తుంది. తరువాతి కాలంలో వంటగది బాధ్యత తీసుకున్న అలెస్సాండ్రో నెగ్రీని, ఫాబియో పిసానీ ఎన్ని కొత్త వంటకాలు చేసినా, ఐమో 1960లలో రూపొందించిన లేత ఉల్లి స్పగెట్టిని (సన్నని దారాల్లాంటి పాస్తా) మాత్రం వదల్లేదు. పళ్లెంలో చూస్తే అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. నోట్లో పెట్టుకోగానే ముందు ఉల్లి తీపి తెలుస్తుంది, ఆ వెంటనే ఆలివ్ నూనె పరిమళం వస్తుంది, మింగిన తరువాత గొంతులో మిరప వేడి నిలుస్తుంది. గుంటూరు కారానికి అలవాటు పడిన నాలుకకు ఆ ఘాటు లెక్కలోది కాదు గానీ, కారం ఒక రుచిని కప్పేయకుండా పైకి తేవడం ఎలా ఉంటుందో నాకు ఆ పళ్లెంలోనే అర్థమైంది. పేదింటి దినుసులతో ఇంత చేయగలిగిన వంటగదికి ఎంత చెల్లించినా నాకు బాధ అనిపించదు.

మిగిలినచోట్ల నేను రిసోత్తో అనే బియ్యపు వంటకాన్ని తెప్పించుకుని చూస్తాను, ఎందుకంటే అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, మిలాన్ వంటగది పనితనం ఆ ఒక్క వంటకంలో బయటపడుతుంది. కుంకుమపువ్వు వేసి వండిన బియ్యాన్ని పొయ్యి మీంచి దించి, వెన్న, చీజు వేసి గట్టిగా కలిపినప్పుడు, పళ్లేన్ని కదిపితే అది అలలా జారాలి, అయినా గింజ లోపల పంటికి తగలాలి. కొన్ని నిమిషాలు ఆలస్యమైతే ముద్దకట్టిపోతుంది. నగరపు ప్రధాన చర్చి దువోమో సమీపంలోని ఒక ఖరీదైన చోట నాకు సరిగ్గా అలా ముద్దకట్టినదే వడ్డించారు. ఆ తరువాత అక్కడికి వెళ్లలేదు. ఈ వంటకంపై బంగారు రేకు ఉంచి వడ్డించిన షెఫ్ గువాల్తియేరో మార్కేసి, రెస్టారెంట్లకు మిష్లిన్ గైడు ఇచ్చే అత్యున్నత గౌరవమైన మూడు నక్షత్రాలను 1985లో ఇటలీకి మొట్టమొదట తెచ్చింది ఈ మిలాన్‌లోనే.

ఆయన తరువాత నగరానికి మళ్లీ మూడు నక్షత్రాలు 2019 నవంబరులో, ముదెక్ మ్యూజియం భవనంలో ఉన్న ఎన్రికో బార్తొలీని రెస్టారెంటు ద్వారా వచ్చాయి. అక్కడి వంటలో లోపం వెతకడం కష్టం, వడ్డించేవారి శ్రద్ధ కూడా అసాధారణం. అయినా ఇద్దరికి కొన్ని వందల యూరోలు అవుతాయి కాబట్టి, జీవితంలో ఒక ముఖ్యమైన సందర్భానికి దాచుకోవలసిన చోటుగానే దాన్ని చూడమంటాను.

శాకాహారులకు నా సలహా వేరు. మిలాన్ రిసోత్తోలో సంప్రదాయంగా ఎద్దు ఎముకల మూలుగ, మాంసపు రసం ఉంటాయి. అందులో కలిపే పర్మిజానో చీజులో, పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం ఉంటుంది. మాంసం ముక్క కనబడలేదు కాబట్టి తినవచ్చనుకునే మనవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. పియెత్రో లీమన్ 1989లో పోర్తా వెనేజియా దగ్గర తెరిచిన ‘జోయా’ పూర్తిగా శాకాహార వంటకే అంకితమైనది. 1996లో మిష్లిన్ నక్షత్రం పొంది, ఐరోపాలో ఆ గౌరవం దక్కిన తొలి శాకాహార రెస్టారెంటు అయింది. మాంసం లేని లోటును పూడ్చడానికని కాకుండా, కూరగాయలనూ పప్పులనూ వాటి రుచి కోసమే వండడం నాకు అక్కడ ఎంతో నచ్చింది. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నిశ్చింతగా భోంచేసింది అక్కడే.

ఎక్కడికి వెళ్లినా కొన్ని వారాల ముందే టేబుల్ బుక్ చేసుకోండి, తినకూడనివి ఏవైనా ఉంటే అప్పుడే రాసి పంపండి. ఆగస్టులో చాలా వంటగదులు సెలవులకు మూసేస్తారు కాబట్టి ఆ నెలలో ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. మధ్యాహ్నం తక్కువ ధరకు చిన్న భోజనం పెట్టే చోట్లు కొన్ని ఉన్నాయి; మొదటిసారి వెళ్లేవారు దానితో మొదలుపెట్టవచ్చు.