సిల్వర్టన్ కొండల్లో ఏటీవీ: మొదటిసారైతే గైడ్‌తోనే వెళ్లండి

890 డాలర్లు. అద్దె బండికి బెల్టు తెగినందుకు 240, కొండ మీద నుంచి దాన్ని లాక్కొచ్చినందుకు 650. ఆ బిల్లు చూశాక మా బావమరిది రాత్రి అన్నం ముట్టలేదు. స్టీరింగ్ పట్టుకున్నది తనే కాబట్టి తప్పంతా తనదే అనుకున్నాడు. వాడి తప్పు లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

జులైలో డల్లాస్ నుంచి రెండు రోజులు కారు నడిపి కొలరాడో వెళ్లాం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, బావమరిది. డురాంగోలో హోటల్ రాత్రికి 189, శుభ్రంగా ఉంది. అక్కడి నుంచి కొండల్లోని చిన్న ఊరు సిల్వర్టన్‌కి ఘాట్ రోడ్డు చాలా బాగుంది.

ఏటీవీ, అంటే మట్టిదారుల్లో నడిపే లావు టైర్ల బండి, అనగానే మనాలీలో ఐదు నిమిషాలు తిప్పేది గుర్తొస్తుంది కదా, ఇక్కడ కుటుంబాలు తీసుకునేది వేరు. స్టీరింగ్, సీటు బెల్టులు, పైన ఇనప చట్రం, నాలుగు సీట్లు. సైడ్ బై సైడ్ అంటారు. సిల్వర్టన్ వీధుల్లో వీటిని నడపకూడదని 2021లో ఊరివాళ్లే ఓటేసి ఆపించారు, అందుకని మాకు బండి ఊరి బయట ఇచ్చారు. ఎనిమిది గంటలకి 459. ఐదు నిమిషాల వీడియో, నాలుగు పేజీల మీద సంతకాలు, తాళం చేతికి. గేరు సంగతి అడిగితే కౌంటర్ అబ్బాయి "హైలో పెట్టి వెళ్లిపోండి" అన్నాడు, అంతే.

యానిమాస్ ఫోర్క్స్ దాకా ఇబ్బంది లేదు. 1870లలో గనుల కోసం పుట్టి, 1920ల నాటికి ఖాళీ అయిపోయిన ఊరది. 11,200 అడుగుల ఎత్తులో ఆ చెక్క ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి, లోపలికి కూడా వెళ్లి చూడొచ్చు. అది దాటి సినమన్ పాస్ అనే కనుమ వైపు ఎక్కుతుంటే రబ్బరు కాలిన వాసన, తర్వాత టప్ మని శబ్దం, బండి ఆగిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. దారినపోయే వాళ్లు కిందికెళ్లి కబురు చెబితే బండి అద్దెకిచ్చినవాళ్లు మూడు గంటల తర్వాత వచ్చారు. ఈలోగా మబ్బు పట్టి ఉరుములు, వడగళ్లు. ఆ ఎత్తులో తలదాచుకోవడానికి చెట్టు కూడా ఉండదు. పాప ఏడుపు ఆపడానికి మా ఆవిడ పడిన అవస్థ నేను మర్చిపోలేను. కిందికొచ్చాక వాళ్లు చెప్పింది ఒకటే మాట: సరిగ్గా నడపలేదు, సంతకం చేశారు, కట్టండి.

మర్నాడు వెనక్కి వెళ్లిపోదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పాపకి కొండంటే భయమే మిగిలిపోతుందండీ" అని వేరే చోట గైడెడ్ టూర్ బుక్ చేసింది. నాలుగు గంటలు, మనిషికి 145, నలుగురికి 580. ముందు గైడ్ బండి, వెనక మా బండి మేమే నడుపుకోవాలి.

గైడ్ అరవై దాటిన పెద్దాయన. బయల్దేరే ముందు అరగంట చదునైన చోట మా ముగ్గురితోనూ నడిపించాడు. మా ముందు రోజు కథ విని ఓపికగా వివరించాడు: ఈ బండ్లలో ఇంజిన్ బలాన్ని చక్రాలకి అందించేది రబ్బరు బెల్టు, నిటారు ఎక్కుడులో హై గేరులో నెమ్మదిగా వెళ్తే అది జారి వేడెక్కి కాలిపోతుంది, లో గేరు వేయాలి. దిగేటప్పుడూ లో గేరే, బ్రేకు మీద కాలు తక్కువ. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఎదురొచ్చే వాళ్లు వేళ్లు చూపిస్తే వెనక అన్ని బండ్లు ఉన్నాయని, పిడికిలి చూపిస్తే అదే ఆఖరిదని. ఒక్క వాక్యం, "లో గేరు వెయ్యండి" అని నిన్న ఎవరైనా అనుంటే మాకు 890 మిగిలేవి.

ఏడింటికి బయల్దేరి, పిడుగుల వేళ రాకముందే పదకొండుకల్లా దింపేశాడు. సినమన్ పాస్, 12,600 అడుగుల పైచిలుకు, బండి నడిపి ఎక్కించింది బావమరిదే. పైన డబ్బాలోని పులిహోర గైడ్‌కి కూడా పెట్టాం, రెండోసారి అడిగి తిన్నాడు. టిప్పు 80 ఇచ్చాను, ఇంకా ఇవ్వాల్సింది.

వెళ్లేవాళ్లు కనీసం ఒక రాత్రి డురాంగోలో ఆగి ఎత్తుకి అలవాటు పడండి, నీళ్లు బాగా తాగండి, దుమ్ముకి ముక్కు, కళ్లు కప్పుకోవడానికి ఏదైనా ఉంచుకోండి, జులై అయినా స్వెట్టరు తప్పనిసరి. సంతకం పెట్టే ముందు బెల్టు తెగితే ఎవరు కట్టాలి, లాక్కురావడానికి ఎంత అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నేను క్రెడిట్ కార్డు వాళ్లకి ఫిర్యాదు పెట్టాను, మూడు వారాలైంది, ఇంకా తేలలేదు.