మా అంబాసిడర్‌కి ఎయిర్ సస్పెన్షన్: నాలుగేళ్ల తర్వాత

మాది 1996 అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్. నాన్న కొన్న బండి. 2021లో దాని కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తీయించి, వాటి బదులు గాలి బెలూన్ల మీద బండిని నిలబెట్టే ఎయిర్ సస్పెన్షన్ వేయించాను. 15 అంగుళాల ఇనుప చక్రాలు పీకేసి 17 అంగుళాల అల్లాయ్‌లు ఎక్కించాను. సస్పెన్షన్ మీద నాకు తిట్లున్నాయి గానీ పశ్చాత్తాపం లేదు. చక్రాలు మాత్రం శుద్ధ దండగ.

ఉండేది బెజవాడ పటమటలో కాబట్టి పనంతా ఆటోనగర్‌లోనే. కిట్ తెప్పించుకోవడం తేలికే, బిగించడమే కష్టం. వెనక కమాన్ కట్ట తీసేసి ఆ చోట గాలి బెలూన్ పెడితే అయిపోతుందనుకున్నా. కమాన్ కట్ట బరువు మోయడమే కాదు, వెనక ఇరుసు పక్కలకీ ముందువెనకలకీ జరగకుండా పట్టుకునేదీ అదే. అది పోతే ఇరుసుకి దిక్కు లేదు. అందుకని నాలుగు లింకు రాడ్లు, అడ్డంగా ఇంకో రాడ్డు చేయించాల్సి వచ్చింది. ముందు వైపు స్ప్రింగుల పని చేసే టార్షన్ బార్లు (మెలితిరిగే ఇనుప కడ్డీలు) తీసి బ్రాకెట్లు కట్టడం ఇంకో తలనొప్పి. మొదట్లో మెకానిక్ బాబాయ్ "మంచి బండిని ఎందుకబ్బాయ్ కెలుకుతావు" అన్నాడు. తర్వాత వెల్డింగ్ నచ్చలేదని ఆయనే రెండుసార్లు కోయించి మళ్లీ వేయించాడు. పది రోజులన్న పని ఏడు వారాలు పట్టింది. చక్రాలతో కలిపి ఖర్చు 3 లక్షలు దాటింది.

తేలిపోతున్నట్టు ఉంటుందా అని అందరూ అడుగుతారు. ఉండదు. అసలే గతుకుల్లో హాయిగా పోయే బండి ఇది. తేడా తెలిసేది బరువు వేసినప్పుడే. ఐదుగురం ఎక్కి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలతో గుడివాడ నుంచి వస్తుంటే ఒకప్పుడు వెనక భాగం కుంగిపోయి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూసేవి. ఇప్పుడు వెనక బెలూన్లలో 40 పీఎస్ఐ ఉన్నదాన్ని 70 చేస్తే బండి సమంగా నిలబడుతుంది.

బండిని నేలకి దించి ఫొటోలు తీసుకోవడం మొదటి నెల సరదా. అమ్మకి మోకాళ్ల నొప్పులు. దించిన బండిలోంచి లేవలేక "మీ నాన్న కొన్నది కారు, నువ్వు చేసింది పీట" అంది. ఇప్పుడు ఆవిడ గేటు దాకా రాగానే బటన్ నొక్కి పైకి లేపడం నా డ్యూటీ.

రెండో ఏడు ఒక పొద్దున వాచ్‌మన్ వచ్చి "సార్, మీ బండి కూర్చుండిపోయింది" అన్నాడు. వెనక ఎడమ మూల టైరు మీదికి వాలిపోయి ఉంది. గాలి నింపుకుని వెళ్లిపోయా. మర్నాడూ అంతే. అలా నెలన్నర. చివరికి స్పాంజితో సబ్బు నీళ్లు పూస్తూ పోతే ఎడమ బెలూన్ పైపు జాయింటు దగ్గర బియ్యపు గింజంత బుడగ, పగులుతూ మళ్లీ పుడుతూ కనిపించింది. టెఫ్లాన్ టేపు చుడితే పోయే లీకు. ఈలోగా రోజూ అదనంగా తిరిగీ తిరిగీ, మూసి ఉన్న డిక్కీలో, బెజవాడ మే నెల ఎండకి, బెలూన్లకి గాలి కొట్టే కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది 14 వేలు. నా బద్ధకం ఖరీదు అది. ఇంకో మాట: గాలి ట్యాంకు కింద మర తిప్పి నెలకోసారి నీళ్లు వదలాలి. వానాకాలంలో పావు టీ గ్లాసుడు వస్తాయి. వదలకపోతే ఆ తేమ వాల్వుల్లోకి చేరి అవి పట్టేస్తాయి.

ఇక చక్రాలు. పవర్ స్టీరింగ్ లేని బండికి వెడల్పు టైర్లు వేస్తే గవర్నర్‌పేట సందుల్లో పార్కింగ్ అంటే కుస్తీయే. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపలి అంచుకి రాసుకునేది. ఏలూరు రోడ్డులో ఒక గుంటకి రిమ్ము వంగింది. టైరు పక్కగోడ పొట్టిది కదా, దెబ్బంతా రిమ్ముకే. ఏడాదిన్నరకి అమ్మేసి పాత ఇనుప చక్రాలే వేసుకున్నా. ఈ బండి మొహానికి అవే అందం.

వేయించేటప్పుడు నేను కనుక్కోనిది చట్టం. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరవు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 15 ఏళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, మాకు మళ్లీ 2026లో. అప్పుడు అవసరం పడొచ్చని పాత కమాన్ కట్టలకి గ్రీజు పూసి, గోనెసంచులు చుట్టి మెట్ల కింద పెట్టాను. పాత ఇనుప సామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా వాటిని వేసేయమంటావా అని అమ్మ అడుగుతూనే ఉంటుంది.